తొమ్మిది ఆదివారాల ట్యాంకు

పలో ప్రియెతో ఊళ్ళో ట్యాంకుల ఎలీహియో అంటే తెలియనివాళ్ళు లేరు. పాత కార్ల పెట్రోలు ట్యాంకులకు తుప్పు వదిలించి మాట్లు వేసేవాడు చుట్టుపక్కల మూడు ఊళ్ళలో అతనొక్కడే మిగిలాడు మరి. తక్కినవాళ్ళంతా సులువు దారి పట్టారు. ట్యాంకు తుప్పు పట్టిందా, ఊడబీకి అవతల పడేసెయ్. డిక్కీలో ఓ ప్లాస్టిక్ క్యాను పెట్టి గొట్టం తగిలించెయ్. బండి కదులుతుంది, నిజమే. వెనక సీట్లో కూర్చున్నవాళ్ళకు మాత్రం శాంతా క్లారా పట్నం చేరేలోపు పెట్రోలు కంపుకు కడుపులో తిప్పుతుంది. ఎలీహియోకు ఆ క్యాన్లంటే ఒళ్ళు మంట. "కారు కొన్నావా, కిరసనాయిలు బండి కొన్నావా?" అని మొహం మీదే అడిగేవాడు.

ఎలీహియోకు అరవై ఏడేళ్ళు. పొట్టి మనిషి. ముంజేతుల నిండా తగరం చుక్కలు పడి కాలిన మచ్చలు. రేకును వేలితో తడిమి, ఇది ఇంకెన్నేళ్ళు ఆగుతుందో చెప్పగలడు. నలభై ఏళ్ళలో ఒక్క ట్యాంకూ అతని దగ్గర పేలలేదు. చిల్లు పైకి వచ్చేలా తిప్పి, దాని కిందికి వేలెడు దాకా నీళ్ళు నింపితేగాని నిప్పు దగ్గరికి తెచ్చేవాడు కాదు. పనిలో అంత జాగ్రత్త. మాటల దగ్గరికొచ్చేసరికి మాత్రం శుద్ధ మొద్దు. కోపం వస్తే అనరాని మాట ఠక్కున అనేస్తాడు, మంచి మాట ఒకటి చెప్పాల్సి వస్తే నీళ్ళు నములుతాడు. ఆ చేతులకున్న తెలివిలో పావు వంతు నాలుకకు ఉండుంటే అతని బతుకు ఇంకోలా ఉండేది.

అనరాని మాట ఒకసారి సొంత అన్నను అన్నాడు. వాళ్ళ నాన్న పోయినప్పుడు ఇల్లు, పనిముట్లు ఎలీహియోకు వచ్చాయి. నాన్న టాక్సీ, ఆకుపచ్చ ప్లిమత్ కారు, అన్న దమాసోకు వచ్చింది. కాగితాలు నాన్నే బతికుండగా రాయించాడు. దమాసో అప్పటికే ఆ కారును శాంతా క్లారా దారిలో పాతికేళ్ళుగా నడుపుతున్నాడు కాబట్టి అందులో అన్యాయమేమీ లేదు. కానీ ఎలీహియోకు ఆ కారంటే ప్రాణం. మట్టి రోడ్డు మీద నాన్న ఒళ్ళో కూర్చుని స్టీరింగు పట్టుకున్న పిల్లాడే తానూ. స్మశానం నుంచి తిరిగొచ్చి, బంధువులందరూ డొమినో బల్ల చుట్టూ కూర్చుని ఉండగా, "నాన్నకు మందులు తెచ్చినవాడి కంటే నాన్న కారుకు పాలిష్ తెచ్చినవాడే ఎక్కువయ్యాడు లెండి" అనేశాడు. ఆ నాన్నను అదే కారులో ఆసుపత్రికి ఎన్నిసార్లు మోసుకెళ్ళాడో దమాసోకే తెలుసు. టోపీ తీసుకుని లేచి వెళ్ళిపోయాడు. అంతే, పదకొండేళ్ళు మాటల్లేవు. ఇద్దరి ఇళ్ళకూ మధ్య నాలుగే వీధులు. రొట్టెల దుకాణం వరుసలో ఎదురుపడితే ఒకరు ఆకాశం చూసేవారు, ఒకరు చెప్పులు చూసుకునేవారు. ఊరంతా నవ్వుకుంది, తర్వాత అలవాటు పడిపోయింది.

పదకొండో ఏడు ఫిబ్రవరిలో ఒక ఆదివారం పొద్దున, ఎలీహియో పెరటి గుమ్మం ముందు గుర్రబ్బండి ఆగింది. బండిలోంచి దమాసో దిగాడు. అతని వెనకే ప్లిమత్ ట్యాంకు దిగింది. ట్యాంకు అడుగున నాలుగైదు చోట్ల సబ్బు ముక్కలు నొక్కి ఉన్నాయి, కారకుండా.

ఎలీహియో భార్య మిగ్దాలియా చూసి, చేతిలో ఉన్న గరిటె అలాగే పట్టుకుని నిలబడిపోయింది.

"ట్యాంకు పని మీద వచ్చాను. ఇంకేమీ లేదు" అన్నాడు దమాసో, ఎవరి మొహమూ చూడకుండా.

"అక్కడ పెట్టు" అన్నాడు ఎలీహియో.

"కొండెక్కేటప్పుడు ఆగిపోతోంది. దిగి గొట్టం ఊదాలి. మళ్ళీ రెండు కిలోమీటర్లు. మళ్ళీ ఊదాలి. ప్యాసింజర్లు నన్ను బాకా ఊదేవాడంటున్నారు."

మిగ్దాలియా ఫక్కున నవ్వింది. ఎలీహియో నవ్వలేదుగానీ ట్యాంకు దగ్గర గొంతుక్కూర్చున్నాడు. పైనున్న పెట్రోలు గేజీ మూత విప్పి, ఆ కంత లోంచి చెయ్యి లోపలికి పోనిచ్చి తడిమాడు. ఎర్రటి పొక్కులు గుప్పెడు ఊడి వచ్చాయి.

"లోపల అంతా ఇదే. పెట్రోలు తొణక్కుండా ఆపే అడ్డరేకుకు కూడా పట్టింది. దీన్ని మడ్డిలో నానబెట్టాలి."

"ఎన్నాళ్ళు?"

"మూడు వారాలు."

మడ్డి అంటే చెరకు మడ్డి, చక్కెర తీసేశాక మిల్లులో మిగిలే నల్లటి జిగురు. మా ఊరి మిల్లు మూతపడి చాలా ఏళ్ళయినా, పశువుల దాణా కోసం అది ఇంకా దొరుకుతుంది. ఒక వంతు మడ్డికి తొమ్మిది వంతుల నీళ్ళు కలిపి తుప్పు ట్యాంకులో పోసి వదిలేస్తే, తుప్పును మెల్లగా తినేస్తుంది, మంచి రేకు జోలికి పోదు. దానికి తొందర లేదు, తొందరపెట్టినా వినదు. పులిసి నురగ కడుతుంది, ఈగలు ముసురుతాయి, ఆ కంపుకు పక్కింటివాళ్ళు కిటికీలు మూసుకుంటారు. ఎలీహియో ముందు ట్యాంకును చాకలి సోడాతో కడిగాడు. లోపల గొలుసు ముక్కలు వేసి ఆడించి, ఊడే తుప్పునంతా ఊడగొట్టాడు. సబ్బు స్థానంలో చెక్క బిరడాలు కొట్టి, మడ్డి నీళ్ళు నింపి, మామిడి చెట్టు కింద పెట్టాడు.

దమాసో అప్పటిదాకా డిక్కీలో క్యాను పెట్టుకుని నడుపుతానన్నాడు. మూడు వారాల తర్వాత రావాల్సినవాడు మరుసటి ఆదివారమే వచ్చాడు.

"ఎలా ఉంది?" అన్నాడు.

"నానుతోంది."

"ఊఁ."

మాట అయిపోయింది. వెనక్కి తిరిగి వెళ్ళాలి. మిగ్దాలియా గనక కాఫీ తెచ్చి చేతిలో పెట్టకపోతే వెళ్ళిపోయేవాడే. కాఫీ తాగాలంటే కూర్చోవాలి కదా. కూర్చున్నాడు. కూర్చుని ట్యాంకును చూస్తూ, "నాన్న దీన్ని కొన్నప్పుడు అమ్మ నాలుగు రోజులు మాట్లాడలేదు, గుర్తుందా?" అన్నాడు.

"ఎందుకు లేదు? పొయ్యి కొంటానని వెళ్ళి కారుతో వచ్చాడు" అన్నాడు ఎలీహియో.

అంతే. గట్టు తెగింది. అమ్మ అరటికాయ వేపుళ్ళు, నాన్న కారు బానెట్టు మీద ఉమ్మేసి చొక్కా చేత్తో తుడవడం, చెరకు తోటలోకి కారు దూసుకెళ్ళి ఆవును గుద్దిన రోజు, ఆ ఆవు లేచి కారునే పొడిచిన సంగతి, అన్నీ వచ్చాయి. మధ్యాహ్నం అయింది. మిగ్దాలియా అన్నం, చిక్కుడు గింజలు, ఇంత పంది మాంసం పెట్టింది. ఇద్దరూ డొమినో ఆడారు. దమాసో ఓడిపోయి, "ఇంత వయసొచ్చినా దొంగాటేరా నీది" అన్నాడు. ఎలీహియోకు ఆ 'రా' చెవిలో పడి, కళ్ళు మండాయి. పొగ అని చెప్పి ముక్కు తుడుచుకున్నాడు. పొయ్యి అప్పటికే చల్లారి ఉంది.

రెండో వారమూ అంతే. మూడో ఆదివారం తెల్లారగట్ల ఎలీహియో లేచి, గేజీ కంతలోంచి చెయ్యి పెట్టి చూశాడు. తుప్పు లేదు. రేకు నున్నగా, కొత్త పళ్ళెంలా తగిలింది. మామూలుగా అయితే ఆ క్షణం అతనికి పండగ. ఆ రోజు మాత్రం కాదు. ట్యాంకు అయిపోయిందంటే అన్న తీసుకెళ్ళిపోతాడు. తీసుకెళ్ళాక ఇంకెందుకొస్తాడు? "ట్యాంకు పని మీద వచ్చాను, ఇంకేమీ లేదు" అన్నది మరిచిపోలేదు ఎలీహియో.

దమాసో వచ్చి, "ఎలా ఉంది?" అన్నాడు.

"ఇంకా ఉంది అన్నయ్యా. మూలల్లో మొండి తుప్పు. ఇంకో వారం పడుతుంది."

"మూడు వారాలన్నావు?"

"చలికాలం కదా. మడ్డి నెమ్మదిగా పని చేస్తుంది."

మా ఊళ్ళో ఫిబ్రవరి చలి ఏపాటిదో అందరికీ తెలుసు. దమాసో కాఫీ అందుకున్నాడు.

అలా వారం వారం సాగదీశాడు మహానుభావుడు. ఒకసారి మడ్డి పలచన అన్నాడు, ఒకసారి మడ్డి మార్చానన్నాడు, ఒకసారి అడ్డరేకు వెనక మిగిలిందన్నాడు. శుక్రవారం నుంచే ఆదివారం కోసం ఎదురుచూసేవాడు. శనివారం గడ్డం గీసుకునేవాడు. ఆదివారం పొద్దున్నే రెండు ఊగుడు కుర్చీలు పెరట్లో వేసి, ఒకదాని మీద దుమ్ము మళ్ళీ మళ్ళీ దులిపేవాడు. పదకొండేళ్ళు తాను ఎంత ఒంటరిగా ఉన్నాడో అన్న వచ్చాకే తెలిసింది. ఆ డొమినో బల్ల దగ్గర అన్న మాటకు క్షమించమని అడగాలని ప్రతి ఆదివారం అనుకునేవాడు. అన్న ఎదురుగా కూర్చోగానే డొమినో పావులు కలపడం మొదలుపెట్టేవాడు. వచ్చే వారం అడుగుదాంలే, ట్యాంకు ఇక్కడే ఉందిగా, అనుకునేవాడు.

మిగ్దాలియా ఊరుకోలేదు. "ఏమయ్యోయ్, నీకు సిగ్గుందా? ఆ ట్యాంకు శుభ్రమై ఎన్నాళ్ళయింది? నా గిన్నెల కంటే తళతళలాడుతోంది."

"నీకెందుకే."

"నాకెందుకా? ఆ కంపు మధ్య వంట చేసేది నేను. చూడూ, ట్యాంకు ఇచ్చేసెయ్. ఇచ్చేసి, అన్నయ్యా ఆదివారం భోజనానికి రా అని ఒక్క ముక్క అను. అనలేవూ?"

"రానంటే?"

"రానంటే రాడు. నోరు అరిగిపోతుందా అడిగితే?"

ఎలీహియో మామిడి చెట్టు దగ్గరికి వెళ్ళి ట్యాంకును అటు తిప్పి ఇటు పెట్టాడు.

అయిదో వారం నుంచి దమాసోలో మార్పు వచ్చింది. వస్తున్నాడు, కూర్చుంటున్నాడు, కాఫీ తాగుతున్నాడు. కబుర్లు మాత్రం తగ్గాయి. "అయిందా?" అని అడిగి, తమ్ముడి కళ్ళలోకి చూస్తూ ఉండేవాడు. "ఇంకా ఉంది" అంటే తల ఊపి, పావులు కలిపేవాడు. కొండ దారిలో అలసిపోయి ఉంటాడని సర్దిచెప్పుకున్నాడు ఎలీహియో.

ఏడో ఆదివారం దమాసో ఇంకో మాట చెప్పాడు. "ఇరవయ్యో తారీకున బండి తనిఖీ ఉందిరా. డిక్కీలో క్యాను చూస్తే లైసెన్సు ఆపేస్తారు."

"ఆపరులే. ఇంకో తేదీ ఇస్తారు. ఎప్పుడూ ఇస్తారుగా" అన్నాడు ఎలీహియో.

నిజమే, మా దగ్గర ఎప్పుడూ ఇస్తారు. ఏదో ఒకటి సర్దుబాటు అవుతుందనే ధీమాతోనే మా జనం బతుకుతారు. బస్సు రాకపోతే లారీ వస్తుంది, లారీ రాకపోతే గుర్రబ్బండి వస్తుంది. ఎలీహియో కూడా అలాగే అనుకున్నాడు. దమాసో అతన్ని కాసేపు చూసి, "ఇస్తారేమోలే" అన్నాడు.

తొమ్మిదో ఆదివారం దమాసో నిలబడే కాఫీ తాగాడు. "అయిందా?" అన్నాడు. "ఈ ఒక్క వారం అన్నయ్యా" అన్నాడు ఎలీహియో. దమాసో గ్లాసు గట్టు మీద పెట్టి, ట్యాంకు మీద రెండుసార్లు అరచేత్తో తట్టి వెళ్ళిపోయాడు.

పదో ఆదివారం రాలేదు.

ఊగుడు కుర్చీ ఖాళీగా ఉంది. మధ్యాహ్నం దాకా గుమ్మం వైపే చూశాడు ఎలీహియో. మూడు గంటలకు మిగ్దాలియా అన్నం మీద మూత పెట్టేసి, "ఇప్పటికైనా బుద్ధొచ్చిందా?" అంది. వచ్చింది. సోమవారం తెల్లారేసరికి మడ్డి పారబోశాడు. ట్యాంకు కడిగాడు. బొగ్గుల మీద రాగి కడ్డీ కాల్చి, తుప్పు పోయాక ఏడుగా తేలిన చిల్లులకు ఏడు మాట్లు వేశాడు. వేడి ఇసుక పోసి ఆడించి తడి ఆర్చాడు. మళ్ళీ తుప్పు పట్టకుండా లోపలంతా నూనె తిప్పాడు. పైన నల్ల రంగు రెండు పూతలు వేశాడు. నలభై ఏళ్ళలో అంత మంచి పని చేయలేదని అతనికే అనిపించింది. రంగు ఆరేదాకా పక్కన కూర్చుని, చెప్పాల్సిన మాటలు వల్లించుకున్నాడు. అన్నయ్యా, ఆ రోజు నోరు జారాను. అన్నయ్యా, ఆదివారం భోజనానికి రా. చిన్న మాటలే. ఎందుకంత బరువో!

గురువారం పొద్దున ఇస్త్రీ చొక్కా వేసుకుని, ట్యాంకును తోపుడు బండి మీద పెట్టుకుని బయల్దేరాడు. మంగలి షాపు ముందు ఒకడు, "ఏం ఎలీ, పెళ్ళికూతుర్ని ఊరేగిస్తున్నావా?" అన్నాడు. మంగలి మాత్రం కత్తెర ఆపి, "దమాసో ఇంటికేనా? ఆగు ఎలీ, ఆ కారు..." అన్నాడు. ఎలీహియో ఆగలేదు. వల్లించుకున్న మాటలు మరిచిపోతానని భయం.

దమాసో ఇంటి ముందు వసారాలో అతని భార్య ఒదీలియా బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. బండి చప్పుడుకు తలెత్తి, ట్యాంకును చూసింది. చేతులు ఆగిపోయాయి.

"ఏం మరిదీ, ఇప్పుడా?" అంది. అని, చేట తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

పక్కన రేకుల షెడ్డు తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. లోపల నేల మీద ఆయిలు మరక తప్ప ఏమీ లేదు. దమాసో షెడ్డు గుమ్మంలో పీట వేసుకుని కూర్చుని ఉన్నాడు. ఆ వేళప్పుడు అతను ఇంట్లో ఉండడం పెళ్ళయినప్పటి నుంచీ ఎవరూ చూసి ఉండరు.

"అన్నయ్యా, కారేది?"

"అమ్మేశాను. నిన్న సాయంత్రం తోలుకెళ్ళారు. వరదేరో బీచి నుంచి వచ్చారు, టూరిస్టులను తిప్పడానికట."

"ట్యాంకు లేకుండానా?"

"వాళ్ళకు ట్యాంకెందుకురా? ఇంజనే మార్చేస్తారట. గులాబీ రంగు వేస్తారట."

ఎలీహియో బండి పిడి వదల్లేదు. "తనిఖీలో ఆపేశారా?"

"ఆపేశారు. ఇంకో తేదీ ఇచ్చారు కూడా, నువ్వన్నట్టే. తేదీ కోసం కాదు నేను అమ్మింది."

"ఒక్క వారం ఆగాల్సింది అన్నయ్యా! ఒక్క వారం! ఇదిగో, చూడు, అయిపోయింది..."

దమాసో ట్యాంకు వైపు చూడలేదు. కోపంగా కూడా లేడు. అందుకే ఎలీహియోకు ఎక్కువ భయం వేసింది.

"నాలుగో ఆదివారం నువ్వు కాఫీ కోసం లోపలికెళ్ళావు. నేను గేజీ కంతలో చెయ్యి పెట్టి చూశాను. ముప్పై ఆరేళ్ళు కారు నడిపినవాడిని, ఆ మాత్రం తెలియదా? నున్నగా ఉంది. నువ్వొచ్చి, ఇంకా తుప్పుందన్నావు. సరే, ఏదో ఉండి ఉంటుందనుకున్నా. మరుసటి వారం అడిగా. ఆ మరుసటి వారం అడిగా. నీ కళ్ళలోకి చూస్తూ అడిగా. అప్పుడర్థమైంది. వీడికింకా ఆ కారు మీద కడుపుమంట చల్లారలేదు, నాన్న కారు నా చేతిలో నడవడం వీడికి ఇష్టం లేదు అని. కాఫీలిస్తాడు, కబుర్లు చెబుతాడు, ట్యాంకు మాత్రం ఇవ్వడు."

"కాదు అన్నయ్యా..."

"అందుకే అమ్మేశా. కారే లేకపోతే మన మధ్య పేచీ ఏముంటుంది? పదకొండేళ్ళు పోయాయి, ఇంకెన్నేళ్ళున్నాయని మనకు? కారు పోతే పోయింది, తమ్ముడు మిగులుతాడనుకున్నా."

ఎలీహియో వల్లించుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి. నోట్లోంచి వేరే మాట వచ్చింది, చిన్నపిల్లాడి ఏడుపు గొంతుతో. "ట్యాంకు ఇచ్చేస్తే నువ్వు రావడం మానేస్తావని ఇవ్వలేదన్నయ్యా."

దమాసో అతని వైపు తిరిగాడు. మొహం ఒక్కసారిగా ముసలిదైపోయింది.

"రమ్మంటే రానారా?" అన్నాడు చివరికి. "నాలుగు వీధులేగా. రా అన్నయ్యా అని ఒక్కసారి అనుంటే..." ఖాళీ షెడ్డులోకి తిరిగి కూర్చున్నాడు.

లోపల ఒదీలియా ఏడుపు వినిపించింది. ఎలీహియో పీట పక్కన నేల మీదే కూర్చుండిపోయాడు, ఇస్త్రీ చొక్కాతో, ఆయిలు మరక మీద. క్షమించమని అప్పుడు అడిగాడు. డొమినో బల్ల మాటకు, తొమ్మిది ఆదివారాలకు, అన్నిటికీ కలిపి అడిగాడు. దమాసో క్షమించాడు కూడా. ఆ మనిషి ఎప్పుడూ అంతే, పెద్ద మనసు. కారు కోసం వరదేరోకు కబురు పంపించారు. వాళ్ళు అప్పటికే ఇంజను దించేశారు.

ఇప్పుడు దమాసో ప్రతి ఆదివారం తమ్ముడింటికి వస్తాడు. నడిచే వస్తాడు, మూలమలుపు దగ్గర ఒకసారి ఆగి ఊపిరి తీసుకుని. భోజనం చేస్తాడు, డొమినో ఆడతాడు, ఓడిపోతే ఏమీ అనడు. నాన్న సంగతులు ఎత్తబోతే కారు దగ్గరికి వచ్చి ఆగిపోతాయి, వాళ్ళ నాన్న సంగతుల్లో కారు లేనివి చాలా తక్కువ. వీధిలో పాత కారు ఏదైనా వెళితే పావు చేతిలో పట్టుకుని, ఆ చప్పుడు పూర్తిగా దూరమయ్యేదాకా వింటాడు. ఎలీహియో వంచిన తల ఎత్తకుండా అతని ఆట కోసం కాచుకుంటాడు.

మొన్న ఆదివారం తమ్ముడి గుమ్మం ముందు ఎవరో గుర్రబ్బండి వాడు దమాసోను పలకరించాడు. "ఏం పెద్దాయనా, ఎండలో ఎక్కడికి?" అన్నాడు.

"తమ్ముడింటికి. ఇంకెక్కడికి పోతాను, ఇంకేముందని?" అన్నాడు దమాసో.

కావాలని అన్న మాట కాదది. లోపల కాఫీ వడగడుతున్న ఎలీహియో విన్నాడు. గ్లాసులు రెండూ బయటికి తీసుకెళ్ళి, అన్నయ్యా కూర్చో, అన్నాడు.